పిత్రార్జితమా? పితృఋణమా?

నూజివీడు ప్రాంతమున మామిడితోట యేదైన అమ్మకమునకు వచ్చినచో కొనువాడు చెట్ల వయస్సును, కాపును, నీటివసతిని విచారించును. అటుపిమ్మట తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు: ఇది స్వార్జితమా, పిత్రార్జితమా? స్వార్జితమైనచో అమ్మువాని సంతకము చాలును. పిత్రార్జితమైనచో అన్నదమ్ములును, అప్పచెల్లెండ్రును సంతకములు చేయవలెను. మైనరు బిడ్డల హక్కును సైతము చూచుకొనవలెను. తండ్రి విడిచిపోయిన నేల యొక్కనిది కాదనియు, ఎదుట లేనివారికిని దానియందు భాగము కలదనియు ఈ చిన్న ప్రశ్నలో నిమిడియున్నది.

మానవుడు తన దేశమును గూర్చి తలంచునపుడును ఈ ప్రశ్నయే యెదురగుచున్నది. దేశము ఎవ్వనికిని స్వార్జితము కాదు. ఆ నదులను త్రవ్వినవాడు లేడు. ఆ భాషను ఒక్కడు కల్పింపలేదు. అది ముందువారినుండి వచ్చినది. అందువలననే పలుజాతులు దేశమును తండ్రి పేరున పిలిచినవి. అయితే తండ్రులనుండి సంక్రమించునది రెండు విధములుగ నుండును. ఒకటి ఆస్తి, రెండవది అప్పు. దేశమును ఆస్తిగా తలచినవాడు నా భాగమెంత యని యడుగును. అప్పుగా తలచినవాడు నేను తీర్చవలసినదెంత యని యడుగును. పితృభూమి యను భావము చరిత్రలో ఒకప్పుడు వరమై, వేరొకప్పుడు శాపమై పరిణమించుటకు ఈ రెండు ప్రశ్నల భేదమే కారణము.

మాట వెనుకనున్న తలపు

లాటిను భాషలో దేశమునకు 'పాత్రియా' యని పేరు. తండ్రియను నర్థముగల 'పాతెర్' అను పదమునుండి యది పుట్టినది. రోమను రాజనీతిజ్ఞుడు సిసిరో, పల్లెపట్టణమున పుట్టిన ప్రతి రోమను పౌరునకు రెండు పితృభూములు కలవనియు, ఒకటి పుట్టుకవలన వచ్చినది, రెండవది పౌరసత్వమువలన వచ్చినది యనియు చెప్పెను. జర్మనులు తమ దేశమును 'ఫాటర్లాండ్' అనిరి, అనగా తండ్రినేల. రష్యనులకు తండ్రి మాటనుండి పుట్టిన పదమొకటియు, పుట్టుకనుండి వచ్చిన పదము వేరొకటియు కలవు. 1941 మొదలు 1945 వరకు హిట్లరు సేనలతో తాము చేసిన యుద్ధమునకు వారు పెట్టుకొన్న పేరులో తండ్రిదేశమను మాటయే యున్నది.

తెలుగువారి వాడుక వేరు. 'పితృభూమి' యను సంస్కృతపదము నిఘంటువులో నున్నను నాలుకపై నిలువలేదు. జన్మభూమి, మాతృభూమి, పుట్టినగడ్డ యనుటయే వారికలవాటు. బంకించంద్రుని 'ఆనందమఠము' 1882లో గ్రంథరూపమున వెలువడినది. అందలి వందేమాతర గీతము పాతికేండ్లలో ఆంధ్రదేశమునకు నినాదమై చేరెను. 1907లో బిపినచంద్రపాలుడు ఆంధ్రమున పర్యటించి యుపన్యసించినపుడు రాజమహేంద్రవరపు విద్యార్థులు ఆ మాటను గుండెలపై ధరించి కళాశాలకు పోయిరి; గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువునుండి బహిష్కృతుడయ్యెను. తరువాత శంకరంబాడి సుందరాచారి తెలుగుతల్లిని గూర్చి వ్రాసిన గీతము ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రగీతమైనది.

ఇందొక విశేషమున్నది. తెలుగువాడు దేశమును తల్లి పేరున పిలిచెను గాని, తండ్రి పేరును ఆస్తికి విడిచిపెట్టెను. భూమి పట్టాలో తండ్రి పేరుండును. పాటలో తల్లి పేరుండును. పాటకు కన్నీరు పెట్టుకొన్నవాడే పట్టాకొరకు తోడబుట్టినవానితో న్యాయస్థానమున నిలుచుటయు కలదు. ఈ రెంటికి నడుమనున్న దూరమును కొలుచుటకు నూజివీడు చరిత్రము మంచి కొలబద్ద.

కోట చెప్పిన పాఠము

నూజివీడు జమీందారీ మేకావారి వంశమునది. 18వ శతాబ్దమున కృష్ణా గోదావరుల నడుమ పెద్ద సంస్థానములలో నొకటిగా నుండెను. కంపెనీకి చెల్లింపవలసిన పేష్కషు విషయమున తగవు ముదిరి నారయ్య అప్పారావు ఎదిరించి నిలువగా, 1783లో కంపెనీ సేన నూజివీడు కోటను పట్టుకొనెను. ఎదిరించినవాని ధైర్యము మెచ్చదగినదే. కాని ఆనాటి పోరు ఎవ్వరి దేశముకొరకని విచారించినచో సమాధానము సులభము కాదు. కోటలో ఎవ్వరున్నను పొలములోనివాడు శిస్తు కట్టుట తప్పలేదు.

1802లో శాశ్వత పైసలా వచ్చినపుడు సంస్థానము నూజివీడు, నిడదవోలు అను రెండుగా విడిపోయెను. 19వ శతాబ్దము ముగియు కాలమునకు నూజివీడు వంశమున అన్నదమ్ముల నడుమ వ్యాజ్యము పుట్టెను. జమీందారీ జ్యేష్ఠునికే చెందవలెనా, పంచదగినదా యనునది ప్రశ్న. మామిడితోటల నడుమ పుట్టిన ఆ తగవు మద్రాసు దాటి, సముద్రము దాటి, లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయెను. ఈ నేలను కన్నెత్తి చూడని న్యాయమూర్తులు తండ్రుల నేల ఎవ్వరిదో తీర్పు చెప్పిరి. సంస్థానము పంపకమై ఉయ్యూరు, మీర్జాపురము, తేలప్రోలు మొదలగు భాగములుగ విడిపోయెను.

ఇందు ఎవ్వరినిగాని నిందింపవలసిన పనిలేదు. ఆస్తికి గల స్వభావమే యది. ఆస్తి పంపకమును కోరును. పంపకము గట్టును కోరును. గట్టు కావలిని కోరును. అన్నదమ్ములు ప్రేమగలవారైనను గట్టు ప్రేమ నెరుగదు. పిమ్మట 1948లో మద్రాసు రాష్ట్ర శాసనసభ ఎస్టేట్ల రద్దుచట్టమును చేసెను. అంతవరకు తాతముత్తాతలనాటినుండి దున్నుచున్న నేలపై పరాయివలె నిలిచిన రైతునకు అపుడు పట్టా దక్కెను. అది గొప్ప న్యాయము. అయినను రైతు పొలములో నాగలి పట్టిన కూలికి, తోటలో కాయ కోసినవానికి ఆ న్యాయము చేరలేదు. వాని తండ్రియు ఈ నేలపైననే చెమటోడ్చెను. ఈ నేలలోనే కలిసిపోయెను. కాని వాని తండ్రి పేరు ఏ పట్టాలోను లేదు. వానికిది పితృభూమి యగునా, కాదా?

ఈ ప్రశ్న కూలివానికి మాత్రమే కాదు, ఇంటి ఆడబిడ్డకును వర్తించును. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము కుమార్తెకు తండ్రి వంతులో భాగమిచ్చినను, ఉమ్మడి ఆస్తియందు కుమారునివలె పుట్టుకతో హక్కు నీయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చేసిన సవరణచట్టము, 1985 సెప్టెంబరు 5 నుండి అమలునకు వచ్చునట్లు, ఆ హక్కునిచ్చెను. అప్పటికే వివాహితలైనవారికి మాత్రము అది వర్తింపలేదు. దేశమంతటికి అట్టి హక్కు 2005లో వచ్చెను. దేశమును తల్లియని కీర్తించు సమాజము కూతురికి నేలయందు భాగమిచ్చుటకు ఇంతకాలము పట్టినది. నేటికిని పెక్కు ఇండ్లలో చట్టము ఇచ్చినదానిని పుట్టింటి ముఖము చూచి ఆమె సంతకముతో విడిచిపెట్టుచున్నది. తల్లి పేరున జయధ్వానము చేయు పెదవులు ఆ సంతకమువేళ మౌనము వహించుచున్నవి.

సరిహద్దుల రాజకీయము

రాజకీయమున పితృభూమి భావము నేర్చుకొన్న మొదటి పని గీత గీయుట. నెపోలియనుపై పోరాడుచున్న కాలమున, 1813లో, ఆరంట్ అను జర్మను కవి తన జాతి పితృభూమి యేదియని యడుగుచు గీతము వ్రాసెను. జర్మను భాష వినబడునంతవరకును అది వ్యాపించునని యతని సమాధానము. చిన్న చిన్న సంస్థానములుగ చీలియున్న ప్రజకు ఆ సమాధానము బలమునిచ్చెను. నూరేండ్లు దాటిన పిమ్మట అదే తలపును హిట్లరు చేతబట్టి, పొరుగుదేశములలో ఆ భాష వినబడు తావులన్నియు తనవేయనెను. రక్తమును, నేలను ఒక్కటిచేసి, ఆ నేలపై తరతరములుగ బ్రతుకుచున్న యూదులను పరాయివారిని చేసి సంహరించెను. 1945 తరువాత జర్మనులలో పెక్కురు ఆ మాటను పలుకుటకే సంకోచించిరి. ఒక మంచి మాట ఎంతగా మలినము కాగలదో తెలిసికొనుటకు ఇంతకన్న నిదర్శనము లేదు.

ఆంధ్రులును భాషను పట్టుకొనియే తమ ఇంటిని కట్టుకొనిరి. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. పొట్టి శ్రీరాములు ఆమరణ దీక్షచేసి 1952 డిసెంబరు 15న అసువులు బాసెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము ఏర్పడినవి. ఈ పోరాటము పరుల నేలను మ్రింగుటకు కాదు. తన భాషలో చదువును, పాలనను కోరుట న్యాయమైన కోరిక. అయినను గీత గీచినచోట గాయము తప్పదు. బళ్ళారి మైసూరునకు పోయినది; మద్రాసు నగరము అరవవారికి నిలిచినది. ఒకే భాష మాటలాడు ప్రజలే 1969లో, 1972లో విడిపోదుమని యుద్యమించిరి. 2014 జూన్ 2న తెలంగాణము వేరు రాష్ట్రమైనది. తెలుగుతల్లికి తోడుగా తెలంగాణతల్లి వెలసినది. భాష ఒక్కటియైనను భాగము న్యాయముగ అందలేదని తలచినవాడు ఇంట నిలువడని ఈ చరిత్రము చెప్పుచున్నది. నూజివీడే 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లానుండి ఏలూరు జిల్లాలోనికి మారెను. గీత మారినది, తోట కదలలేదు.

మతమును గీతగా గీచుటయు జరిగినది. 1923లో సావర్కరు హిందువు నిర్వచించుచు, ఈ భూమి వానికి పితృభూమియు పుణ్యభూమియు కావలెననెను. పుణ్యక్షేత్రము సముద్రమున కావలనున్నవాడు, వాని తాతముత్తాతలందరు ఇచ్చటి మట్టిలోనే కలిసినను, ఆ లెక్కలో సగము పరాయి యగుచున్నాడు. పితృభూమి యను మాట ఎవ్వరిని చేర్చుకొనుచున్నదను ప్రశ్నకన్న ఎవ్వరిని వెలివేయుచున్నదను ప్రశ్నయే దాని తత్త్వమును వెల్లడించును.

కవులు అడిగిన ప్రశ్న

రాజకీయము గీతలు గీయగా, సాహిత్యము ఆ గీతలకు వెలుపల నిలిచినవానిని చూచినది. గురజాడ అప్పారావు 1910లో 'దేశభక్తి' గీతమును వ్రాసి, దేశమును మట్టితో గాక మనుష్యులతో కొలిచెను. పాడిపంటలను పెంచుట, పొరుగువానికి తోడ్పడుట యతనికి దేశభక్తి. రవీంద్రుడు 1916లో 'ఘరే బాయిరే' నవలను వ్రాసెను. అందలి సందీపుడు స్వదేశీయమను పేర పేద వర్తకుల విదేశీవస్త్రములను బలవంతముగ తగులబెట్టింపజూచును. నిఖిలేశుడు జమీందారై యుండియు తన ప్రజ పొట్టపై కొట్టు దేశభక్తిని ఒప్పుకొనడు. జనగణమనను రచించి, 1919లో మదనపల్లెలో దానిని ఆంగ్లమున ననువదించిన కవియే, జాతి యను పేర మనుష్యుని బలిగొను పూజను తీవ్రముగ నిరసించెను. దేశమును ప్రేమింపనివాడు కాడతడు. దేశమును దేవునికన్న, న్యాయముకన్న పైన నిలుపనొల్లనివాడు.

అందరికన్న సూటిగ అడిగినవాడు గుఱ్ఱము జాషువా. 1941 నాటి 'గబ్బిలము' కావ్యమున కథానాయకుడు అంటరానివాడు. తన గోడును కాశీ విశ్వనాథునకు విన్నవింపవలెనని గబ్బిలమును దూతగా పంపును. మనుష్యుడై పుట్టిన తనకు గుడి వాకిలి మూసియున్నది. గబ్బిలమునకు గర్భగుడి కప్పే ఇల్లు. అట్టివాడు దారిలోని చారిత్రక స్థలములను, వీరుల నేలలను ఎంతో అభిమానముతో గబ్బిలమునకు వర్ణించి చెప్పును. తనకు పిడికెడు మన్ను నీయని దేశముపై వాని ప్రేమ యది. ఆ కావ్యమునకు పదియేండ్ల ముందు, 1931 ఆగస్టు 14న, బొంబాయిలో గాంధీజీని కలిసికొన్న డాక్టరు అంబేడ్కరు తనకు స్వదేశమనునది లేదని చెప్పెను. ఆ మాటలో ద్వేషము లేదు, లెక్క యున్నది. నీళ్ళు త్రాగుటకు చెరువును ముట్టనీయని నేలను తండ్రినేల యనుటెట్లు? పితృభూమిపై ప్రేమను కోరు సమాజము తాను ముందు తండ్రివలె ప్రవర్తించినదా యనునది ఆ ప్రశ్న.

తండ్రి యెవ్వడు?

పితృభూమి యేదియను ప్రశ్న ఇచ్చట తండ్రి యెవ్వడను ప్రశ్నగా మారుచున్నది. దీనికి పన్నెండవ శతాబ్దమున సమాధానము చెప్పినవాడు బసవేశ్వరుడు. ఉపనయనమును నిరాకరించి కన్నతండ్రి మాదిరాజు ఇంటిని విడిచిన బసవేశ్వరుడు, తన వచనములలో మాదార చెన్నయ్యను తండ్రిగా చెప్పుకొనెను. చెన్నయ్య అంత్యజుడు, చోళదేశమున గుఱ్ఱములకు గడ్డి తెచ్చి బ్రతికిన శివభక్తుడు. ఆనాటి మంత్రి కులమును దాటి, భాషను దాటి, రాజ్యసరిహద్దును దాటి తండ్రిని ఎన్నుకొనెను. తండ్రి యనగా రక్తమునిచ్చినవాడు మాత్రమే కాదు, బ్రతుకునకు మార్గమునిచ్చినవాడు. అట్టి తండ్రుల నేలకు గట్టులుండవు.

కల్యాణము అట్టి నేలయై యుండెను. కాశ్మీర రాజ్యమును విడిచి వచ్చి కట్టెలమోపు అమ్ముకొని బ్రతికిన మోళిగ మారయ్యను సంప్రదాయము స్మరించును. పాల్కురికి సోమనాథుని 'బసవపురాణము'న తెలుగు జొమ్మయ్య కథ యున్నది. కన్నడదేశపు మహాత్ముని చరిత్రమును దేశి ద్విపదలో తెలుగునకు తెచ్చిన సోమనాథుడు భాషను గోడగా గాక వాకిలిగా చేసికొనెను. కల్యాణము చెదరిన పిమ్మట శరణులు నలుదెసలకు పోయిరి. వారికి కోట లేదు, పట్టా లేదు. చేతనున్నవి ఇష్టలింగమును, వచనములును. నేల చేజారినను వారి కల్యాణము చేజారలేదు. ఏలయన వారు దానిని ఆస్తిగా నెన్నడును తలంపలేదు. కాయకముచేతను దాసోహముచేతను తీర్చవలసిన ఋణముగానే తలచిరి.

ఇందుకొక ఆక్షేపణ కలదు. దేశమును అందరిదియనినచో ప్రేమ పలుచబడదా? నాది యను మమకారము లేనివాడు దానికొరకు ప్రాణమిచ్చునా? ఈ ఆక్షేపణ త్రోసిపుచ్చదగినది కాదు. మమకారములేని మానవుడు తన తోటకు నీరైనను పెట్టడు. అయితే మమకారము రెండు తీరుల నుండును. ఆస్తిపై మమకారము పరుని రాకకు జడియును. ఋణమందలి మమకారము పరుడు ఆకలిగొని నిలిచినచో నిద్రపోదు. తండ్రి చేసిన అప్పును తీర్చువాడు తండ్రిపై ప్రేమ లేనివాడా? తండ్రి పేర ఆస్తి ననుభవించి అప్పును ఎగవేయువాడే ప్రేమ లేనివాడు. తండ్రులు విడిచిన ఋణములలో మేలు మాత్రమే కాదు, అన్యాయమును కలదు. చెరువును ముట్టనీయనివారును మన తండ్రులే. వారి కీర్తిని వారసత్వముగ గొని, వారి తప్పును కాదనుట చెల్లదు.

నూజివీడు తోట ఈ సత్యమును ఏటేట చూపుచున్నది. చిన్నరసపు టెంకను పాతినచో మొలిచిన చెట్టు తల్లిచెట్టు గుణమునే చూపునను నమ్మకము లేదు. అందుచేత రైతు నాటుమొక్కపై మేలైన చెట్టు కొమ్మను అంటుకట్టును. వేరు ఒకదానిది, కొమ్మ వేరొకదానిది, రసము రెంటిది. జాతిశుద్ధముగ టెంకనుండియే కావలెనని పట్టుపట్టినవాడు రుచిని పోగొట్టుకొనును. వేరు అక్కరలేదని కొమ్మను మాత్రము పట్టుకొన్నవానికి అది వారము తిరుగకుండ ఎండిపోవును. దేశమును అట్లే పెరిగినది. 2008లో నూజివీడున నెలకొన్న సాంకేతిక విద్యాలయమునకు ఎన్నో జిల్లాల పేదబిడ్డలు వచ్చి చదువుకొనుచున్నారు. వారి తండ్రులెవ్వరికి ఇచ్చట తోటలు లేవు. అయినను ఈ నేల వారికి బ్రతుకునిచ్చుచున్నది. ఇచ్చట పుట్టినవారు సముద్రములు దాటి వేరు నేలలకు ఋణపడుచున్నారు.

ముదిమియందు మామిడిని నాటువాడు దాని పూర్తికాపును తాను చూతునని నాటడు. వానికి నీడనిచ్చిన చెట్టును వేరొకడు నాటెను. ఆ ఋణమును నాటినవానికి తీర్చు వీలులేక, రాబోవువానికి తీర్చుచున్నాడు. పితృఋణమునకు ఇదియే సరియైన చెల్లింపు. ఆడబిడ్డ సంతకమును అడుగుటకు ముందు ఆమె భాగమును ఆమె చేతనుంచుట, కాయ కోసిన కూలికి కూలిని తక్కువచేయకుండుట, మఠపు పంక్తిలో వచ్చినవాని తండ్రి పేరు నడుగకుండుట, ఇవి చిన్నపనులుగ తోచవచ్చును. తండ్రినేలపై ప్రేమ పాటలో గాక ఈ పనులలోనే పరీక్షకు నిలుచును. చెట్టు ఎవ్వరిదని తగవులాడువారు ఎప్పుడును ఉందురు. నీరు పోయువాడు ఉన్నంతవరకే అది కాచును.